నేను చెప్పని ఆకులు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. నెత్తిన పెట్టుకునే బరువైతే ఎక్కడో ఒకచోట దించుకునేదాన్ని. ఇది నోట్లో ఉండే బరువు. అన్నం తినేటప్పుడు తగులుతుంది. పెళ్ళిళ్ళలో ఆకు వేసి, నీళ్ళు చల్లుకుని, వడ్డించేవాళ్ళు వచ్చేదాకా ఊరికే కూర్చుంటామే, అప్పుడు మరీ తగులుతుంది.

రాసుకో పాపా. మొదలుపెట్టింది నువ్వే. నిన్న ఆ ఫోను ముందర పెట్టుకుని, మద్రాసు పక్కన ఆటల పార్కుకు అందరం పోతే మధ్యాహ్నం ఏ హోటల్లో తినాలి, ఎంతమందికి చెప్పాలి, ఎన్నింటికి పోవాలి అని ముందే కుదుర్చుకుంటున్నావు. ఇంత ముందు ఎందుకే అని అడిగితే, "ముందే చెప్పుకోకపోతే ఆడ తిండి దొరకదు అవ్వా" అన్నావు. నువ్వు మామూలుగానే అన్నావు. నాకు మాత్రం వీపు మీద ఎవరో చరిచినట్టయింది. నన్ను లెక్కలో వేయకు, నేను రాను అన్నాను. మోకాళ్ళ నొప్పి అనుకుని ఊరుకున్నావు. మోకాళ్ళు కాదు.

నేను చెప్పేది నువ్వు పుస్తకాల్లో ఉండేటట్టు దిద్ది రాస్తావని నాకు తెలుసు. దిద్దుకో. మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దకు. వాళ్ళు ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి. నా పేరు రాయకు. మా వీధి పేరు రాయకు. ఆమె పేరు మాత్రం రాయి. రాహేలమ్మ. చెడిపోయింది ఆ పేరు. బాగుపడాల్సింది కూడా ఆ పేరే.

ఏడుస్తానేమోనని చూస్తున్నావా? ఏడవను. నాకు ఏడుపు రాదు ఈ విషయంలో, కోపం వస్తుంది. వీధి మీద కోపం. మునెమ్మక్క మీద కోపం. అందరికంటే ఎక్కువగా, ఆ రోజు కొత్త చీర కట్టుకుని మెస్సు ముందర నిలబడిన ఒక మనిషి మీద కోపం. ఆ మనిషిని నేనే.

అప్పుడు మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. మీ నాయన ఇంకా నిక్కర్లు వేసుకుని బడికి పోయే వయసు. మీ తాతకు బెల్లం మండీ. సాయంత్రమైతే లారీ నిండా బెల్లం మద్రాసుకు బయలుదేరేది. లారీ డ్రైవరు బండి ఎక్కేముందు మా అరుగు మీద కూర్చుని అన్నం తిని పోయేవాడు. వీధిలో ఎవరి ఇంట్లోనూ ఫోను లేదు. మద్రాసులో ఎవరికి ఏం చెప్పాలన్నా ఆ డ్రైవరు చేతనే చెప్పించేవాళ్ళం. ఎవరి కూతురికి కాన్పు అయిందో, ఎవరి అల్లుడు అలిగాడో, ఎవరి మామ మందులు పంపాలో, అన్నీ బెల్లంతో పాటు ఆ లారీలోనే పోయేవి.

మా ఎదురింట్లో రాహేలమ్మ బాడుగకు ఉండేది. చిన్న బళ్ళో టీచరు. పెళ్ళి చేసుకోలేదు, ముసలి తల్లిని చూసుకుంటూ ఉండేది. చర్చికి పోయే వాళ్ళు. మీ నాయనకు ఎక్కాలు నేర్పింది ఆమే, పైసా తీసుకోకుండా. తొమ్మిదో ఎక్కం దగ్గర వాడు ప్రతిసారీ తప్పేవాడు, ఆమె ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచీ చెప్పించేది. నేను ఆమెను నా సొంత చెల్లెలని నలుగురిలో చెప్పుకునేదాన్ని. నన్ను అక్కా అనేది. సాయంత్రం బడి నుంచి వస్తే నేరుగా మా అరుగు మీదికే వచ్చి చెప్పులు విడిచేది. చేతులకు సుద్దముక్క పొడి ఉండేది.

ఇప్పుడు ఒకటి చెబుతాను. ఇది ముందు చెప్పకపోతే తర్వాతది నీకు అర్థం కాదు. ప్రతి క్రిస్మసుకూ ఆమె ఒక గిన్నె నిండా కజ్జికాయలు పంపేది. నేను రెండు చేతులా తీసుకునేదాన్ని, నవ్వేదాన్ని. ఆమె ఇంటికి తిరిగిపోగానే దొడ్లోకి పోయి బర్రె తొట్టిలో వేసేదాన్ని. ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు ఎప్పుడూ. పిల్లలకూ పెట్టలేదు. గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని అందులో కాస్త బెల్లం పెట్టి తిరిగి ఇచ్చేదాన్ని. చాలా బాగున్నాయి చెల్లీ అని కూడా చెప్పేదాన్ని. చూశావా ఎంత మర్యాద నాది.

ఇక ఆ ప్రయాణం సంగతి. మద్రాసులో ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళు ప్రతి ఏడూ. ఇప్పుడు నువ్వు పోయే పార్కులాంటిదే అనుకో, కానీ కొన్నాళ్ళే ఉండేది. పెద్ద రాట్నం, అద్దాల మహలు, బావి గోడల మీద మోటారు సైకిలు తోలేవాడు. మగవాళ్ళు బేరాల మీద పోయి చూసి వచ్చి మాకు చెప్పేవాళ్ళు. మేము వినేవాళ్ళం. ఒక ఏడు మునెమ్మక్క లేచింది. రాహేలమ్మ ఉండే ఇల్లు ఈ మునెమ్మక్కదే, వీధిలో ఆమె మాటకు ఎదురు లేదు. ఆడవాళ్ళమే ఒక వ్యాను మాట్లాడుకుని పిల్లలతో పోయి వద్దాం అంది. పోదాం అన్నాం. మరి తిండి? ఎప్పుడు ఎక్కడికి పోయినా చిత్రాన్నం, పెరుగన్నం మూటలు కట్టుకుని పోవడమే కదా మనకు. దానికి మునెమ్మక్క ఏమందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"మూటలు కట్టేది లేదుమే ఈసారి. దినామూ వండేది మనమే, వడ్డించేది మనమే, అందురూ తిన్నాక చట్టి గీకేది మనమే. ఒక్క పొద్దన్నా ఆకు ముందర కూర్సుందాం. ఎవురన్నా వచ్చి, ఇంకొంచెం అన్నం పెట్టమంటారా అని మనల్ని అడగనీ."

నవ్వారందరూ. పాపా, మాలో ఒక్కరం కూడా అప్పటికి హోటల్లో ఆకు ముందర కూర్చున్నవాళ్ళం కాదు. పెళ్ళిళ్ళలో కూడా ఆఖరి బంతి మాది, అప్పటికి పప్పు అడుగంటి ఉండేది. కాబట్టి ఆ ప్రయాణంలో రాట్నం కాదు పెద్దది. ఆ భోజనం పెద్దది. అది నీకు అర్థమైతేనే నేను ఏం పాడుచేశానో అర్థమవుతుంది.

ఎగ్జిబిషన్ రోజుల్లో మద్రాసు హోటళ్ళలో కాలు పెట్టలేమని అందరికీ తెలుసు. రాహేలమ్మ తమ్ముడు యేసుపాదం అక్కడే కరెంటు దీపాలు కట్టే పనిలో ఉన్నాడు. అతను దగ్గరలో ఒక మెస్సు యజమానిని అడిగి పెట్టాడు. ఆయన పద్ధతి ఏమిటంటే, ముందే ఆకులు చెప్పాలి. అంటే ఎంతమంది తింటారో, ఎన్నో బంతిలో కూర్చుంటారో రెండు రోజుల ముందు మాట చేరాలి. చేరితే ఆకులు వేసి పెడతాడు, ఎవరు అడిగినా ఇవ్వడు. చేరకపోతే లేదు. ఎవరెవరు వస్తారో మాకు గురువారం దాకా తేలలేదు. ఒకరి అత్త ఒప్పుకోదు, ఒకరి బిడ్డకు జ్వరం. ఇక ఉత్తరం రాస్తే ఆదివారానికి అందదు. లారీ ఒక్కటే దారి. లారీ పోయే రోడ్డు మీదే ఆ మెస్సు.

గురువారం సాయంత్రం రాహేలమ్మ వచ్చింది. చెప్పులు విడవలేదు ఆ రోజు, తల్లికి మందు ఇచ్చే వేళయిందని వాకిట్లోనే నిలబడింది.

"అక్కా, లెక్క కుదిరింది. ఆదివారం, రెండో బంతి, ఇరవై ఆకులు. చిత్తూరోళ్ళు అని చెప్తే సాలు, ఆయనకు తెలుసు. డ్రైవరన్న తినేదానికి వస్తాడు గదా, మరిసిపోకుండా చెప్పు."

చెబుతాను పో అన్నాను.

డ్రైవరు వచ్చాడు. అన్నం పెట్టాను. రసం పోశాను. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని రోజూ అడిగినట్టే అడిగాడు, మద్రాసులో ఏమన్నా చెప్పాలా అమ్మా అని.

ఏమీ లేదబ్బా, పోయిరా అన్నాను.

మరిచిపోయానా? ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఆ మాటతో నన్ను నేను కప్పిపుచ్చుకోవాలని చూశాను. పని తొందరలో మరిచిపోయాను, పిల్లవాడు ఏడుస్తున్నాడు, పొయ్యి మీద పాలు. అవేవీ లేవు. మరిచిపోలేదు. ఇరవై ఆకులు, రెండో బంతి అన్న మాటలు నాలుక చివర ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే వాటిని మింగడం నాకు తెలిసింది. ఎందుకు మింగాను? వాళ్ళ తమ్ముడు కుదిర్చిన మెస్సు అంటే వాళ్ళ మనుషులదే అయ్యుంటుంది, ఎవరు వండుతారో, ఏ చేతులతో వడ్డిస్తారో అని. ఆ మెస్సు వద్దు అని నోటితో అనవచ్చు కదా? అంటే రాహేలమ్మ మనసు నొచ్చుకుంటుందట. అందుకని చెప్పకుండా ఆపేశాను. అంత పెద్ద మద్రాసులో మనకు తగిన హోటలు ఒకటి దొరక్కపోతుందా, అప్పటికప్పుడు అందులో తినేస్తాం, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నాను. మద్రాసు నేను ఎన్నిసార్లు చూశానని? ఒక్కసారి. అది కూడా పెళ్ళైన కొత్తలో, మీ తాత వెనకాల తల వంచుకుని.

ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరాం. వ్యానులో పాటలు, చప్పట్లు. కిటికీ పక్క సీటు రాహేలమ్మ మా అత్తకు ఇచ్చి, తను ఇంజను వేడి దగ్గర కూర్చుంది. ఎగ్జిబిషన్లో రాట్నం ఎక్కాం. పైకి పోయేసరికి మునెమ్మక్క గుండె జారిపోయి, కొండ మెట్లు ఎక్కేటప్పుడు అరిచినట్టు గోవిందా గోవిందా అని గట్టిగా అరిచింది. కింద ఉన్న జనమంతా చేతులు జోడించారు. కడుపు పట్టుకుని నవ్వాం. మా అత్త మాత్రం ఎక్కలేదు. ఏడుకొండలు ఎక్కినదాన్ని, ఈ ఇనుప చక్రం ఎక్కి కొత్తగా ఏం చూసేది అంది. నేను కూడా నవ్వాను అందరితో. నవ్వగలిగాను.

మధ్యాహ్నం రాహేలమ్మ మమ్మల్ని మెస్సుకు తీసుకుపోయింది. ముందు నడుస్తోంది, మధ్య మధ్యలో వెనక్కి తిరిగి పిల్లల్ని లెక్క పెట్టుకుంటోంది. మెస్సు వాకిట్లో విపరీతమైన జనం. లోపల గోడకు వినాయకుడి పటం, దాని ముందర దీపం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనకు నుదుటిన మూడు వేళ్ళ విభూతి, మెడలో జంధ్యం. వంటవాళ్ళు కూడా ఆయన అన్నదమ్ములేనట. చూశావా. నేను దేనికి భయపడి మాట ఆపానో, అది అక్కడ లేనే లేదు. చాలా రోజులు ఇదే తలుచుకుని, అయ్యో అనవసరంగా చేశానే అని బాధపడ్డాను. తర్వాత ఆ బాధ మీదే నాకు మంట పుట్టింది. ఆ మెస్సు ఆయనది కాకపోయి, యేసుపాదం వాళ్ళదే అయ్యుంటే నేను చేసింది సరైన పని అయ్యుండేదా?

పెద్దాయన రాహేలమ్మతో అరవంలో చెప్పాడు. మీ తమ్ముడు అడిగిపోయిన మాట నిజమే, తర్వాత మాట రాలేదు, శుక్రవారం దాకా చూసి ఆకులు వేరేవాళ్ళకు ఇచ్చేశాను అని. ఆయన గొంతులో కోపం లేదు. పాపం, చేతులు తిప్పి చూపించాడు. లోపల రెండో బంతిలో ఎవరో కూర్చుని తింటున్నారు. సాంబారు వాసన బయటికి వస్తోంది. మునెమ్మక్క ఆ ఆకుల వైపే చూస్తోంది.

రాహేలమ్మ నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు. ఏదో పొరపాటు జరిగిందని, నేను సరిచేస్తానని.

"అక్కా, డ్రైవరన్నకు చెప్పినావు గదా?"

అందరూ నన్ను చూశారు. పిల్లలు కూడా. అప్పుడైనా, మరిచిపోయాను అని ఉంటే సరిపోయేది. తిట్టేవాళ్ళు, అంతే. ఎన్నేళ్ళు ఆలోచించినా ఆ మాట ఎందుకు రాలేదో నాకు తెలియదు. నా నోటికి వచ్చింది వేరే.

"నాతో యాడ చెప్పమంటివి? నా తమ్ముడే జూసుకుంటాడు, నువ్వేం చెప్పబళ్ళేదు అంటివి గదా."

అంత తడుముకోకుండా వచ్చింది. ఎక్కడ దాచుకున్నానో ఆ అబద్ధాన్ని.

"అక్కా" అంది రాహేలమ్మ. అంతే.

యేసుపాదం పరుగెత్తుకు వచ్చాడు, అక్క లారీ చేత చెప్పిస్తానని తనకు ముందే కబురు చేసిందన్నాడు. తమ్ముడు అక్కను వెనకేసుకు రాక ఏం చేస్తాడు అన్నారు మావాళ్ళు. ఆ తర్వాత ఎండలో హోటలు హోటలుకూ తిరిగాం. ఎక్కడా నిలబడే చోటు కూడా లేదు. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. మా అత్తకు చక్కెర జబ్బు, వేళకు తినకపోతే ఆగలేదు. నీళ్ళ కొళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. కొళాయి గట్టు అంచు తగిలి నుదురు చిట్లింది. ఆమెను ఎత్తి కూర్చోబెట్టి, తన చీర కొంగు చించి కట్టు కట్టింది ఎవరనుకున్నావు? రాహేలమ్మే. నేను పక్కన నిలబడి గాలి విసిరాను. చివరికి అందరం ఇసుకలో కూర్చుని కాగితం పొట్లాల్లో వేరుశనక్కాయలు తిన్నాం. మునెమ్మక్క ఆకు ముందర కూర్చోవాలనుకుంది. తర్వాత ఎప్పుడైనా కూర్చుందో లేదో నాకు తెలియదు. పాపం అనుకుందామంటే, ఆ తర్వాత ఆమె చేసింది గుర్తొచ్చి ఆ పాపం కూడా అనలేను.

మరునాటి నుంచి వీధి రాహేలమ్మ మీద పడింది. గొప్పలకు పోయి అందరినీ పస్తు పెట్టింది, ముసలామె నెత్తురు కళ్ళజూసింది అన్నారు. రాహేలమ్మ డ్రైవరును అడగమంది. అడిగారు. నాకెవరూ ఏమీ చెప్పలేదమ్మా అన్నాడు. అతను నిజమే చెప్పాడు. ఆ నిజమే నా అబద్ధానికి సాక్ష్యం అయి కూర్చుంది. ఎవరైనా ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే, చెప్పాల్సింది ఏమన్నా ఉందా అని నువ్వు ఈమెను అడగలేదా అని ఉంటే, బయటపడేది. ఎవరూ వేయలేదు. బెల్లం మండీ ఇంటామెను ఎవరు అడుగుతారు?

రాహేలమ్మ తన మాట మీద తను నిలబడింది. నా మాట మీద నేను. మన పక్క ఇట్లాంటి తగువు తెగకపోతే ఏం చేస్తారో నీకు తెలుసు. కాణిపాకం పోతారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందర ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధం చెబితే అనుభవించక తప్పదు. కోనేటి గట్టు మీదే నిజం ఒప్పుకున్నవాళ్ళ కథలు మా అవ్వ నాకు చెబుతూ ఉండేది. నా పుట్టిల్లు ఐరాల, కాణిపాకం పక్కనే. ఆ స్వామి నాకు ఇంట్లో పెద్దాయన లాంటివాడు. అందుకే మునెమ్మక్క తన వాకిట్లో వీధినంతా పోగేసి ఇద్దరూ రాండి, పోయి ప్రమాణం చేయండి అన్నప్పుడు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మీ నాయన నా కొంగు పట్టుకుని ఉన్నాడు. ప్రమాణం అంటే పిల్లల మీద చేయాలి. పోయి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని అని నీకు చెప్పాలని ఉంది. చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలియదు.

తెలుసుకునే అవసరం రాలేదు. రాహేలమ్మ రాను అంది.

"నేను రాను మునెమ్మక్కా. మేము ఒట్లు పెట్టం. మా ఇంట్లో అది లేదు. చెప్పినానంటే చెప్పినాను. గురువారం ఈమె వాకిట్లో నిలబడి చెప్పినాను. దీనికి మీ కోనేరూ వొద్దు, మా చర్చీ వొద్దు." నా వైపు తిరిగింది. "నువ్వు పో అక్కా. నీ దేవుడే గదా. మీ పుట్టింటి దారే గదా. పోయి మునిగి చెప్పు, నేను నీతో చెప్పలేదని."

ఇంక చూసేదేముండాది అంది మునెమ్మక్క. తప్పు లేనిది అయితే రావడానికి భయమెందుకు అన్నారు మిగతావాళ్ళు. గుంపు విడిపోయింది. నన్ను ఎవరూ పొమ్మనలేదు. ఆమె రాను అన్నదే నా ప్రమాణం కింద జమ వేసుకున్నారు.

ఇక్కడే పాపా, నాకు రక్తం మరిగేది. ఆ దేవుడికి మొక్కని మనిషిని ఆ దేవుడి ముందర మునగమన్నాం. మునగను అంటే దొంగ అన్నాం. నన్ను ఎవరైనా చర్చిలో నిలబడి ఒట్టు పెట్టమని ఉంటే? నేను పెట్టను, అది మా ఆచారం కాదు అనేదాన్ని, వీధి వీధంతా అవును కదా అని తల ఊపేది. నా కాదనడం ఆచారం, ఆమె కాదనడం తప్పు ఒప్పుకోవడం. వాళ్ళకు తెలియక చేశారు. నాకు అన్నీ తెలుసు. తెలిసి, ఆ గుంపులో నిలబడి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి ఎంత హాయిగా ఉండిందో కూడా రాయి. దాచవద్దు.

పిల్లల్ని ఆమె దగ్గరికి ఎక్కాలకు పంపడం మానేశారు. నేను కూడా మానిపించాను. బడి సెలవులు ఇవ్వగానే మునెమ్మక్క ఇల్లు ఖాళీ చేయమంది. ముసలితల్లిని జట్కాబండి ఎక్కించుకుని, బస్టాండుకు పోయి, నాయుడుపేటలో ఎవరో చుట్టాల దగ్గరికి పోయింది రాహేలమ్మ. పోయేముందు నా గిన్నె ఒకటి ఆమె దగ్గర ఉంటే తెచ్చి అరుగు మీద పెట్టింది. గిన్నె ఖాళీగా ఉంది. చిటికెడు చక్కెర కూడా లేదు. మన పక్క పగవాళ్ళు కూడా ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు. ఆమె ఇచ్చింది. నా మొహం చూస్తూ పెట్టి పోయింది.

ఆ రోజు నుంచి నేను కాణిపాకం గడప తొక్కలేదు. ఎవరూ గమనించలేదు చూడు, ఒక్కో ఏడు ఒక్కో సాకు. నీ అక్షరాభ్యాసం అక్కడే చేశారు. అవ్వకు జ్వరం అన్నారు. జ్వరం లేదు. గదిలో దుప్పటి కప్పుకుని పడుకుని, నువ్వు పలక మీద ఓం రాసే వేళకు లేచి గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది ఇంకా సిగ్గు. కొన్నేళ్ళకు నా మణికట్టు విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాను. అక్కడ బల్ల మీద కూర్చుని ఉంటే, పక్కన చీలమండ వాచిపోయి ఒకామె. రాహేలమ్మ. జుట్టు నెరిసింది. ఆమే ముందు పలకరించింది. మీ నాయన గురించి అడిగింది. తొమ్మిదో ఎక్కం ఇప్పుడైనా వస్తుందా అంది. తల్లి పోయిందని చెప్పింది. చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఏముంది? ఆమె నడవలేదు, నేను కట్టు కట్టించుకోకుండా కదల్లేను, ఎక్కడికీ పారిపోలేం. నేను నోరు తెరిచాను. అంతలో ఆమె సంచిలోంచి పొట్లం తీసి, అందులో రెండు ఇడ్లీలు నా వైపు జరిపింది. నేను ఏమన్నానో తెలుసా? ఈ పొద్దు శనివారం, ఒక్కపొద్దు అన్నాను. శనివారం నిజమే. పొద్దున మూడు దోసెలు తిని బస్సెక్కింది కూడా నిజమే.

నవ్వింది ఆమె. పెద్దగా ఏమీ కాదు, కొంచెం.

"మా కజ్జికాయలు నీ బర్రెకు బాగా ఇష్టం గదక్కా" అంది.

ఎదురిల్లు కదా. మిద్దె ఎక్కితే మా దొడ్డి కనిపిస్తుంది. మొదటి ఏడే చూసి ఉంటుంది. చూసి కూడా ప్రతి క్రిస్మసుకూ పంపింది. ఎందుకు పంపింది? ఒక ఏడైనా తింటానని చూసిందా? నన్ను పరీక్షించిందా? నా సిగ్గు తను మోస్తూ ఉండిందా? అడగలేకపోయాను. లోపలికి పిలిచారు, కట్టు కట్టించుకుని బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీ. ఆ తర్వాత చూడలేదు.

మీ నాయనతో ఒకసారి సగం సగం చెబితే, పోనీలేమ్మా, ఆ కాలం అట్లాంటిది అన్నాడు. ఆ మాట ఎవరన్నా నాకు ఒంటికి కారం పూసినట్టు ఉంటుంది. ఆ కాలంలోనే కదా రాహేలమ్మ కూడా ఉండింది. ఆమెకు రాని బుద్ధి నాకెందుకు వచ్చింది? కాలం వచ్చి నా నోరు మూయలేదు. నేనే మూసుకున్నాను, మళ్ళీ అబద్ధానికి నేనే తెరిచాను.

నువ్వు ఆ ఫోనులో ఆమె కోసం వెతుకుతానంటావు, నీ మొహం చూస్తే తెలుస్తోంది. వెతుకు. ఉంటే ఇది చదివి వినిపించు. ఆమె లేకపోతే ఆమె వాళ్ళకు ఎవరికైనా. నన్ను క్షమించమని మాత్రం ఎక్కడా రాయకు. ఆమెకు ఇప్పటికే చాలా పనులు పెట్టాను, ఈ పని కూడా పెట్టను.

ఇప్పుడు నేను చెప్పేది ఒక్క అక్షరం మారకుండా రాయి. గురువారం సాయంత్రం మా వాకిట్లో నిలబడి రాహేలమ్మ చెప్పమంది. నేను చెప్పలేదు. తర్వాత అబద్ధం ఆడాను. దీనికి ఒట్టు పెట్టను. చెప్పలేదంటే చెప్పలేదు.

చదువు ఒకసారి. గట్టిగా చదువు, వినాలి నేను. సరే. ఉండనీ అట్లాగే. నోట్లో అది ఇంకా ఉంది. పోలేదు. కొంచెం జరిగింది, అంతే. ఆ చెంబుతో నీళ్ళు ఇట్లా ఇవ్వు. తర్వాత ఆ ఫోను తీసుకుని, నిన్న చెప్పినదానికి ఇంకొక ఆకు కలిపి చెప్పు. వండేది ఎవరని అడగకు.